బొమ్మ కింద పేరు ఉండాలి

మొన్న మా ఊళ్లో స్థానిక కళాకారుల ప్రదర్శన ఒకటి పెట్టారు. శని, ఆదివారం రెండు రోజులే. పెద్ద ఆర్భాటమేమీ లేదు. ఒక హాలు, నాలుగు గోడలు, మధ్యలో తెల్లగుడ్డ పరిచిన బల్లలు, గుమ్మం దగ్గర సంతకాల పుస్తకం, పళ్లెంలో చందనం, కలకండ. మా ఇంటివాళ్లం పిల్లలతో కలిసి తొమ్మిదిమందిమి పోయి చూసి వచ్చాం. చూసింది రాద్దామని కూర్చుంటే, అక్కడ మేము సిగ్గుపడిన సంగతే ముందుకు వచ్చి నిలబడింది. అందుకని ఇది ప్రదర్శన వార్త కాదు, మా అభిప్రాయం. దీనికి ఒప్పుకోనివాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ల మాట కూడా రాస్తాం.

ముందు అక్కడ ఏమేమి ఉన్నాయో చెప్తాం. ఒక డ్రాయింగు మాస్టారు నీటిరంగుల్లో వేసిన సంజీవి కొండ, అయ్యనార్ కోయిల్ దగ్గరి ఏరు, మబ్బు దిగిన పడమటి కనుమలు. మిల్లులో పనిచేసి రిటైరైన ఒకాయన పెన్సిలుతో గీసిన ముఖాలు. తంజావూరు పద్ధతిలో బంగారు రేకు అతికించి చేసిన వెన్నకృష్ణుడు. ఒక కాలేజీ అమ్మాయి కంప్యూటరు మీద గీసి ప్రింటు తీయించిన పటాలు. మా ఊరి పేరు దేశమంతా తెలిసింది తెల్ల కుక్క వల్లే గదా, ఆ రాజపాళయం కుక్క బొమ్మలు నాలుగైదు. జనం ఎక్కువగా ఫోటోలు దిగింది వాటి పక్కనే. ఇవన్నీ గోడల మీద ఉన్నాయి. మధ్య బల్లల మీద ఇళ్ల నుంచి అడిగి తెచ్చిన పాత వస్తువులు: చెక్క బొమ్మలు, అల్లిక పనులు, కొలువు బొమ్మలు, శివకాశి అచ్చు దేవుడి క్యాలెండర్లు, చేత్తో రాసిన ఒక అంగడి బోర్డు, మా ఇంటి నుంచి పోయిన ఒక ముగ్గుల పుస్తకం.

ఆ పుస్తకం మా అవ్వది, అంటే మా నాయన తల్లిది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. తాత పత్తి లెక్కలకని తెచ్చుకున్న పొడుగాటి పుస్తకం అది. సగం దాకా తాత లెక్కలు, మిగిలిన సగం అవ్వ ముగ్గులు. సందు చుక్క 15 నుంచి 8 దాకా దించే ముగ్గులు, గీత ఎక్కడా తెగకుండా చుక్కలన్నిటినీ చుట్టి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చే మెలికల ముగ్గులు, రథం ముగ్గు, ధనుర్మాసానికి గుమ్మడిపూల ముగ్గు. తాత వైపు పేజీల నిండా అక్షరాలు, అంకెలు. అవ్వ వైపు ఒక్క అక్షరం లేదు. చుక్కల లెక్క కూడా అంకెల్లో లేదు, పేజీ మూలన చిన్న నిలువు గీతలు గీసి గుర్తు పెట్టుకుంది.

పుస్తకం ఇచ్చేటప్పుడు అక్కడ పని చేస్తున్న ఒక చిన్నపిల్ల, కాలేజీ పిల్లే, చిన్న అట్టముక్క, పెన్ను పట్టుకొని అడిగింది: "ఇది వేసింది ఎవరు? పేరు చెప్పండి, రాస్తాను." మా అన్న "మా అవ్వ" అన్నాడు. "పేరు?" అంది ఆ పిల్ల. అన్న రేషన్ కార్డులో ఉన్న పేరు చెప్పాడు. అక్క కాదంది, అది వాళ్లు తప్పు రాసిన పేరు అంది. ఇంకొకరికి పుట్టింటివాళ్లు ముద్దుగా పిలిచే పేరే తెలుసు. వెనక జనం నిలబడి ఉన్నారు. ఆ పిల్ల మమ్మల్ని చూసింది, మేం ఒకరినొకరం చూసుకున్నాం. చివరికి ఆమె అరవంలో రెండు ముక్కలు రాసి పెట్టింది: పాత కోలం నోటుబుక్కు, ఒక ఇంటిది.

ఆ పిల్లది తప్పు కాదు. అడిగింది, మేం చెప్పలేకపోయాం. తాత పేరు, ముత్తాత పేరు, ఇంటిపేరు, గోత్రం గడగడా చెప్పే ఇల్లు మాది. ఎవరు ఎప్పుడు ఏ పొలం కొన్నారో చెప్పగలం. ప్రతి పొద్దున వాకిట్లో వంగి మమ్మల్ని దాటి పొమ్మన్న మనిషి పేరు మాత్రం నోటికి రాలేదు.

సిగ్గు తగ్గాక హాలంతా ఇంకోసారి తిరిగి చూశాం. అప్పుడొకటి కనిపించింది. గోడ మీద ఉన్నవాటన్నిటికీ కింద పేరుంది. బల్ల మీద ఉన్నవాటికి లేదు. చట్రం కట్టిన బొమ్మ వేసినవాడు కళాకారుడు, వాడికి పేరు. వాకిలి, వంటిల్లు, అంగడి, గుడి, వీటిలో పుట్టిన పని పాత వస్తువు, దానికి ఇంటి గుర్తు చాలు. ఎవరూ కావాలని ఇలా చేయలేదు. మన అలవాటే ఇలా ఉంది. ఆ అలవాటు మారాలన్నదే మా వాదన. స్థానిక కళాకారుల ప్రదర్శన అని పేరు పెట్టినప్పుడు, అక్కడ ఉన్న ప్రతి పనికీ చేసినవాళ్ల పేరు ఉండాలి. తెలియకపోతే వెతకాలి. దొరకకపోతే దొరకలేదని రాయాలి.

బల్ల మీదివాటిలో ఒక్కదానికే పేరుంది, అదీ దానంతట అదే తెచ్చుకున్నది. అంగడి బోర్డు. రాసినాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఫ్లెక్సు వచ్చాక ఆయనకు పని పోయింది. బోర్డు దగ్గర కార్డు మీద "పాత పేరుపలక" అని ఉంది. ఆయన నవ్వి, బోర్డు కింది మూల వేలితో చూపించాడు. నీలం రంగులో చీమంత అక్షరాలతో ఆయన పేరు. "అంగడి పేరు యజమానిది, అక్షరం నాది" అన్నాడు. ఈ ఒక్క మాట కోసమైనా మేం పోయింది మంచిదయింది.

అలా మూలన పేరు రాసుకునే పద్ధతికి మా చుట్టుపక్కలే పెద్ద ఉదాహరణ ఉంది. మీ ఇంట్లో పాత పూజగది ఉంటే గోడ మీది క్యాలెండరు బొమ్మ మూలన చూడండి. సి. కొండయ్య రాజు అన్న పేరు కనిపించవచ్చు. 1898లో పుట్టి 1976లో పోయిన చిత్రకారుడు. మద్రాసు కళాశాలలో చదువుకొని, కొన్నాళ్లు తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఆశ్రమంలో గడిపి, తరవాత నాటకాల కంపెనీలో తెరలు వేసే పనికి చేరాడు. ఆ కంపెనీ కోవిల్‌పట్టిలో విడిపోతే ఆయన అక్కడే నిలిచిపోయాడు. ఆయన వేసిన మురుగన్, లక్ష్మి, మీనాక్షి కల్యాణం శివకాశి అచ్చుయంత్రాల మీద లక్షల ప్రతులై దక్షిణాది ఇళ్లన్నిటికీ పోయాయి. టి.ఎస్. సుబ్బయ్య, టి.ఎస్. అరుణాచలం, ఎం. రామలింగం లాంటి శిష్యుల పేర్లు కూడా ఆ బొమ్మలతో పాటే నిలిచాయి. క్యాలెండరు ఏడాదికి ఒకసారి మార్చి పారేసే కాగితం. అలాంటి కాగితం మీద కూడా ఆయన పేరు వేశాడు కాబట్టే ఈ రోజు ఆ బొమ్మలు ఎవరివో చెప్పుకోగలుగుతున్నాం.

దీనికి ఎదురు ఉదాహరణ తంజావూరు పటం. బంగారు రేకు, రాళ్లు, మధ్యలో బొద్దు కృష్ణుడు. వీటిని తరతరాలుగా చేసినవాళ్లు తంజావూరు, తిరుచ్చిల్లో రాజులు, మదురైలో నాయుళ్లు. విజయనగరం పోయాక, నాయకుల ఏలుబడిలో తెలుగు సీమ నుంచి ఇటు వచ్చిన చిత్రకారుల సంతతి అని చరిత్రకారులు చెప్తారు. (ఆ రాజులూ మా రాజపాళయం రాజులూ ఒకటే అని మేం అనడం లేదు. పేరు కలిసింది, భాష కలిసింది, అంతే.) ఆ పాత పటాల్లో ఎక్కువ వాటి మీద సంతకం లేదు. ఈ రోజు అవి మ్యూజియముల్లో అద్దాల వెనక ఉన్నాయి. కింద కార్డు మీద శతాబ్దం, ఊరు, రంగుల రకం అన్నీ ఉంటాయి. వేసిన మనిషి ఉండడు. తెలుగు మాట్లాడే చేతులు వేసిన అంత పనిలో మనం పేరు పెట్టి తలుచుకోగలిగినవాళ్లు ఎంతమంది?

ఇక మా ఇంట్లో వచ్చిన ఎదురు మాటలు. మా పెదనాయన అన్నాడు, "దేవుడికి చేసిన పనికి పేరేమిటిరా? శ్రీవిల్లిపుత్తూరు పోయి చూడండి. ఆండాళ్ చేతిలో చిలుక రోజూ కొత్తది కడతారు. పచ్చి ఆకులతో ఒళ్లు, దానిమ్మ పూవుతో ముక్కు. ఇవాళ్టిది రేపు ఉండదు. కట్టినవాడు పేరు రాసుకుంటున్నాడా?" మంచి ప్రశ్నే. ఆ గుడి మాకు పన్నెండు కిలోమీటర్లు కూడా లేదు. మన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆ ఊరి కథే గదా. తండ్రి విష్ణుచిత్తుడు స్వామికి కట్టిన మాలను ముందు తాను ముడుచుకొని చూసుకున్న పిల్ల కథ. మాల కట్టడం కూడా చేతిపనే, మరునాటికి వాడిపోయే పని. అయినా కట్టినవాడి పేరు, ముడుచుకున్న పిల్ల పేరు రెండూ నిలిచాయి. రాయలు ఆ పేర్లను అటు విజయనగరం దాకా, తెలుగు పద్యం దాకా తీసుకుపోయాడు. కట్టిన మాల నిలవదు, కట్టినవాళ్ల పేరు నిలపవచ్చు అని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మా ఊరివాళ్లకు దొరకదు.

పెదనాయన అక్కడితో ఆగలేదు. "కుమారస్వామి రాజా ఏం చేశాడో తెలుసా? సొంత ఇల్లే ఊరికి ఇచ్చేశాడు. దానికి తన పేరు పెట్టుకున్నాడా? గాంధీ కళా మన్రం అని గాంధీ పేరు పెట్టాడు. ఆయన ఊళ్లో పుట్టి మీరు ముగ్గుకు పేరు అడుగుతారా?" అన్నాడు. ఈ మాటకు మేం రెండు రోజులు జవాబు చెప్పలేకపోయాం.

బయటి ఊళ్ల నుంచి చదివే బంధువుల కోసం ఆయన గురించి కొంచెం చెప్పాలి. పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా మా ఊరి మనిషి. ఆయన కూడా 1898లోనే పుట్టాడు, కొండయ్య రాజు పుట్టిన ఏడాదే. 1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ దాకా మద్రాసు ప్రభుత్వానికి పెద్ద. అప్పటికి ఆంధ్ర విడిపోలేదు. అరవం, తెలుగు, కన్నడం, మలయాళం మాట్లాడే జిల్లాలన్నీ ఒకే రాష్ట్రం. దాన్ని నడిపింది ఇంట్లో తెలుగు మాట్లాడే ఒక రాజపాళయం మనిషి. తరవాత 1954 నుంచి రెండేళ్లు ఒరిస్సా గవర్నరు. 1957లో పోయాడు. ఆయన ఇల్లే ఈనాటి గాంధీ కళా మన్రం. కళల కోసమని ఒక మనిషి ఇల్లు వదులుకున్న ఊరు మాది.

రెండు రోజుల తరవాత పెదనాయనకు మా జవాబు ఇది. కుమారస్వామి రాజా తన పేరు తానే వదులుకున్నాడు. వదులుకునే హక్కు ఆయనకుంది, ఎందుకంటే ఆ పేరు ఆయన దగ్గర ఉంది. వదులుకున్నా అది పోలేదు. ఊళ్లో ఎవర్ని అడిగినా మన్రం ఎవరి ఇల్లో చెప్తారు. మా అవ్వ సంగతి అలా కాదు. ఆమెను ఎవరూ అడగనే లేదు. నీ పేరు రాయమంటావా, వద్దంటావా అని ఒక్కరు అడిగి ఉంటే, ఆమె నవ్వి వద్దనేదేమో. అది వినయం అయ్యేది. అడగకుండా మరిచిపోవడాన్ని ఆమె వినయం అని మనం చెప్పుకోవడం న్యాయం కాదు. తంజావూరు చిత్రకారుడు సంతకం చేయకపోవడం ఆయన భక్తి కావచ్చు. ఆయన పేరు మనం దాచుకోకపోవడం మాత్రం భక్తి కాదు, మన అశ్రద్ధ.

పెదనాయన తల ఊపాడు. ఒప్పుకున్నాడో, వినీ విననట్టు ఊపాడో మాకింకా తెలియదు.

ఇంకో అభ్యంతరం మా చిన్నత్తది. "ముగ్గును నీటిరంగుల బొమ్మ పక్కన పెడితే, పాపం ఆ మాస్టారు ఏమనుకుంటాడు? ప్రతి ఇంటి వాకిట్లో ఉండేది కళ ఎట్లా అవుతుంది?" దీనికి మిథిల ఆడవాళ్లు ఎప్పుడో జవాబు చెప్పారు. బీహారులో ఇంటి గోడల మీద, పెళ్లి గది గోడల మీద ఆడవాళ్లు తరతరాలుగా బొమ్మలు వేసేవాళ్లు. వానకు, సున్నానికి అవి పోయేవి. మళ్లీ వేసేవాళ్లు. 1966, 67లో అక్కడ పెద్ద కరువు వచ్చింది. ఆడవాళ్లకు నాలుగు డబ్బులు రావాలని, అఖిల భారత హస్తకళల బోర్డు తరఫున వాళ్లకు కాగితం ఇచ్చి బొమ్మలు వేయించారు. గోడ మీది బొమ్మ కాగితం మీదికి రాగానే మొట్టమొదట వచ్చిన ప్రశ్న, వేసింది ఎవరు అని. అలా జగదంబా దేవి, సీతా దేవి, గంగా దేవి అన్న పేర్లు బయటికి వచ్చాయి. జగదంబా దేవికి 1975లో పద్మశ్రీ వచ్చింది. సీతా దేవికి 1981లో, గంగా దేవికి 1984లో వచ్చింది. అంతకు ముందు రోజు దాకా అవి కూడా ప్రతి ఇంట్లో ఉండే బొమ్మలే. పేరు అడిగాక ఒకరి గీత వేరు, ఇంకొకరి రంగు వేరు అని అందరికీ కనిపించింది. అంతకుముందు ఆ తేడా లేక కాదు, చూసేవాళ్లు లేక.

ముగ్గును అలా చూసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు చిత్రకారులు కారు, లెక్కలవాళ్లు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతో పాటు కమలా కృతివాసన్ 1970లలో మెలికల ముగ్గులను తీసుకొని, ఒక చిన్న నియమాన్ని మళ్లీ మళ్లీ వాడితే పెద్ద నమూనా ఎలా పుడుతుందో కంప్యూటరు శాస్త్రంలో వ్యాసాలు రాశారు. మూడు చుక్కల ముగ్గు తెలిస్తే అదే పద్ధతిలో తొమ్మిది చుక్కలది వేయవచ్చు, ఇరవై ఒకటిది వేయవచ్చు. మా అవ్వకు వ్యాకరణం అన్న మాట తెలియదు. కానీ ఆమె పుస్తకంలో ఒక పేజీలో చిన్న ముగ్గు, పక్క పేజీలో అదే పెరిగిన ముగ్గు, ఆ తరవాతి పేజీలో ఇంకా పెరిగినది ఉన్నాయి. ఆమె లెక్క ఆమెకు ఉంది.

అయితే చిన్నత్త మాటలో ఒక నిజం ఉంది, దాన్ని దాటవేయకూడదు. అన్నీ సమానం అని ఒక బల్ల మీద కుప్ప పోస్తే ఎవరి పనికీ గౌరవం ఉండదు. మాస్టారు నీటిరంగుల్లో మబ్బును పట్టుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టి ఉంటుంది. దానిని అలాగే చూడాలి. ముగ్గును ముగ్గులా చూడాలి. కాగితం మీద ముగ్గు సగం ముగ్గే. అసలు ముగ్గు పొద్దున అయిదింటికి, పేడనీళ్లు చల్లిన తడి నేల మీద, రెండు వేళ్ల మధ్య నుంచి జారే పిండిలో ఉంది. అందుకే వచ్చేసారి ప్రదర్శనలో పుస్తకం ఒక్కటే పెట్టకుండా, తెల్లవారుజామున గుమ్మం ముందు నలుగురు ఆడవాళ్లను పిలిచి ముగ్గు వేయించాలి. పోటీ వద్దు, మార్కులు వద్దు, గిన్నెల బహుమతులు అసలే వద్దు. వేసి, పక్కన సుద్దతో పేరు రాస్తే చాలు. సాయంత్రానికి తొక్కుకుపోతే పోనివ్వండి. ఆ రోజు వేసినవాళ్ల పేర్లు మాత్రం సంతకాల పుస్తకంలో ఉండాలి.

ఇలాంటివి నడిపేవాళ్ల కష్టం మాకు తెలియనిది కాదు. డబ్బు తక్కువ, చేతులు తక్కువ, వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వడానికే సగం పొద్దు పోతుంది. అందుకని ఖర్చు లేని పనులే చెప్తున్నాం. ప్రతి వస్తువు పక్కన కార్డు మీద నాలుగే ముక్కలు: ఎవరు చేశారు, ఏ వీధి, దేనితో చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. ఈ నాలుగోది ముఖ్యం. సింగరాజకోటలో ఒకామె అల్లిక శక్కరాజకోటలో ఇంకొకామె దగ్గర నేర్చుకున్నదని తెలిస్తే, ఊళ్లో పని ఎలా చేతులు మారిందో కనిపిస్తుంది. పేరు తెలియని వస్తువు పక్కన "పేరు వెతుకుతున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి" అని రాసి ఒక పెన్సిలు కట్టి ఉంచితే, రెండు రోజుల్లో సగం పేర్లు జనమే చెప్తారు. చివర్న పేర్ల జాబితా ఒకటి కాగితం మీద రాసి ఊళ్లో ఎక్కడైనా భద్రంగా దాచాలి. యాభై ఏళ్ల తరవాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే దొరకాలి.

ఇక నడిపేవాళ్ల మీద కంటే ఎక్కువ బరువు మన ఇళ్ల మీద ఉంది. వస్తువు ఇచ్చేవాళ్లం పేరు కూడా తీసుకుపోవాలి. పెద్దవాళ్లు బతికుండగానే అడిగి రాసుకోవాలి. మా ఇల్లు చేయని పని ఇదే. అందుకే చెప్పే హక్కు మాకు తక్కువ, చెప్పవలసిన అవసరం ఎక్కువ.

ఏ లిపిలో రాయాలన్నది కూడా మా ఇంట్లో పెద్ద చర్చే అయింది. మాలో చాలామందికి తెలుగు నోట్లోనే ఉంది, చేతిలో లేదు. బడి అరవంలో, ఉత్తరాలు అరవంలో, పెళ్లిపత్రికలు కూడా అరవంలోనే. మేం ఈ అక్షరాలు పెద్దయ్యాక కూర్చొని నేర్చుకున్నవాళ్లం. ఊళ్లో అందరూ చదివేది అరవం కాబట్టి కార్డు మీద ముందు అరవమే ఉండాలి, అందులో మాకు పేచీ లేదు. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ల పేరు కింద ఇంకో వరసలో తెలుగులో కూడా రాస్తే బాగుంటుంది. ఇది భాషాభిమానం కోసం ఒక్కటే అంటున్నది కాదు. అరవంలో క, గలకు ఒకే అక్షరం. ప, బ, భలకూ ఒకే అక్షరం. పేరు రాసినదాన్ని చూసి, ఆమెను ఎలా పిలిచేవారో తెలుసుకోలేం. మా ఇంట్లో అన్న, అక్క కొట్లాడుకున్నది సరిగ్గా ఇందుకే.

ప్రదర్శన చూసి ఇంటికి వచ్చాక పత్రాల పెట్టె దింపాం. ఒక పాత స్థలం పత్రంలో అవ్వ పేరు దొరికింది. ముందు "ఫలానావారి భార్య" అని తాత పేరు, తరవాత ఆమె పేరు, దాని పక్కన ఆమె ఎడమ బొటనవేలి ముద్ర. పత్రం రాసినాయన ఆమె పేరు రాసి, చదువు రానిది కాబట్టి వేలిముద్ర వేసిందని కింద రాశాడు. సందు చుక్కలు పదిహేను నుంచి ఎనిమిదికి ఒక్కటి తప్పకుండా దించిన చేతి ముద్ర అది. ముద్రలో గీతలు ఇంకా చెదరలేదు.

కానీ అరవంలో ఉన్న ఆ పేరు మొదటి అక్షరం రెండు రకాలుగా చదవవచ్చు. మళ్లీ పాత గొడవే. అప్పుడు మా పెద్ద మేనత్తకు ఫోను చేశాం. ఎనభై దాటింది, చెవి సరిగా వినపడదు. ప్రశ్న అర్థమయ్యేలా మూడుసార్లు అరవవలసి వచ్చింది. అర్థమయ్యాక ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరవాత వాళ్ల అమ్మ పేరు, వాళ్ల నాయన పిలిచినట్టుగా, గట్టిగా పలికింది. అన్న చెప్పింది తప్పు, అక్క చెప్పింది తప్పు. ఆ పేరు మేం తెలుగు అక్షరాల్లో రాసుకున్నాం. మా ఇంట్లో ఆమె పేరు తెలుగులో రాయడం ఇదే మొదలు.

ఆదివారం సాయంత్రం హాలు మూసే ముందు అక్క పరుగున పోయి ఆ పిల్లను వెతికింది. పాత అట్ట తీసి కొత్తది పెట్టించింది. చూడటానికి అప్పటికి హాల్లో పదిమంది కూడా లేరు. అయినా పెట్టించింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, అందుకు మా బంధువులు మన్నించాలి. ముగ్గుల పుస్తకం వచ్చే ఏడాది కూడా ప్రదర్శనకు ఇస్తాం. వచ్చి, ఆ అట్ట మీదే చదవండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో చేతిపని ఏదైనా ఉంటే తీసుకురండి. చేసినవాళ్ల పేరు ముందుగా అడిగి రాసుకొని రండి.